అమెరికా ఆంక్షలు ఎత్తివేస్తే క్యూబా సిగార్లు చవకవుతాయా?

డల్లాస్_మురళి

క్యూబా మీద అమెరికా విధించిన వాణిజ్య నిషేధం ఏదో ఒకనాటికి పోతుందనే అనుకుందాం. రాజకీయాలు వేరే శీర్షికలో మాట్లాడుకోవచ్చు, నా సందేహం ధర గురించి. ఇక్కడ హవానా సిగార్, అంటే క్యూబాలో తయారైనది, చాటుమాటు సరుకు. తెలిసినవాళ్లు ఎవరో మెక్సికో నుంచో దుబాయి నుంచో తెస్తారు, వాళ్ల నోటికి ఎంత వస్తే అంత ధర. నిషేధం పోతే చాటూ ఉండదు, మధ్యవర్తీ ఉండడు. అప్పుడు ధర దిగాలి కదా? మా మిత్రుల్లో కొందరు తగ్గుతుందంటారు, కొందరు రెట్టింపవుతుందంటారు. తెలిసినవారు చెప్పండి. పొగ తాగడం ఎంత చెడ్డదో మా ఇంట్లో రోజూ వింటున్నాను కాబట్టి ఆ పాఠం ఇక్కడ వద్దు.

లండన్_శేఖర్

మీ దగ్గర సంగతి తర్వాత చూద్దాం, మా దగ్గర మాత్రం పెరగడం ఖాయం. 2024 మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం ఉల్లి ఎగుమతి నిషేధం ఎత్తివేయగానే లాసల్‌గావ్ మార్కెట్లో ధర ఎగబాకింది. గడ్డలు అవే, కొనేవాళ్లు మాత్రం కొత్తగా వచ్చి చేరారు. హవానా విషయంలోనూ జరిగేది అదే.

క్యూబా నుంచి వచ్చే సిగార్ల వ్యాపారమంతా హబానోస్ అనే ఒకే సంస్థ చేతిలో ఉంది. అందులో సగం వాటా క్యూబా ప్రభుత్వానిది. రెండో సగం ఇంపీరియల్ అనే బ్రిటిష్ పొగాకు కంపెనీ దగ్గర ఉండేది, 2020లో ఆసియా పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది. 2022 మే నెలలో హబానోస్ వాళ్లు తమ ఖరీదైన రకాలు కోహిబా, ట్రినిడాడ్ ధరలను ప్రపంచమంతటా, ఎక్కువ ధర ఉండే హాంకాంగ్ స్థాయికి పెంచేశారు. ఇక్కడి దుకాణాల్లో కోహిబా ఒక్కసారిగా రెట్టింపయింది, కొన్ని సైజులు అంతకంటే ఎక్కువే పెరిగాయి. అమ్మకాలు పడిపోయాయా అంటే లేదు. సంస్థ ఆదాయం 2022లో 54.5 కోట్ల డాలర్లు, 2023లో 72.1 కోట్లు, 2024లో 82.7 కోట్లు. అమెరికా దుకాణాల్లో ఒక్కటీ అమ్మకుండా సాధించిన లెక్క ఇది. పెద్ద గిరాకీ ఇప్పుడు చైనాది.

చేతితో చుట్టిన సిగార్లకు ప్రపంచంలో అతి పెద్ద మార్కెట్ అమెరికా. ఏడాదికి 40 కోట్లకు పైగా దిగుమతి చేసుకుంటుంది. ఆ తలుపు మూసి ఉన్నప్పుడే లండన్ అరల్లో కోహిబా కోసం వెతుక్కుంటున్నాం. తెరిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

టొరంటో_శేషు

కెనడాలో క్యూబా సిగార్ ఎప్పుడూ నేరం కాదు. అయినా చవక కాదు మురళి గారూ. మా పన్నులు చూస్తే మీరు డల్లాస్‌లోనే హాయిగా ఉన్నామనుకుంటారు. పైగా 2020 నుంచి పెట్టె మీద అందమైన బొమ్మలు కూడా లేవు, అన్నిటికీ ఒకే మట్టిరంగు. సిగార్‌కు చుట్టే కాగితపు ఉంగరం కూడా అదే రంగు. చేతిలో ఉన్నది మాంటెక్రిస్టోనో మరొకటో చదివితే తప్ప తెలియదు.

అందుకే ఇక్కడివాళ్లు చలికాలంలో క్యూబాలోని వరడేరో బీచికి వెళ్లినప్పుడు తెచ్చుకుంటారు. సుంకం లేకుండా మనిషికి 50 వరకు అనుమతి. కానీ అక్కడ కూడా ఈమధ్య పేరున్నవి అధికారిక దుకాణంలో దొరకడం గగనమే. వీధిలో మాత్రం దొరకని రకం లేదు! “ఈ రోజు సహకార సంఘం పండుగ, ఈ ఒక్కరోజే తగ్గింపు” అంటూ వెంటపడతారు. ఆ పండుగ అక్కడ ఏడాది పొడవునా జరుగుతుంది. పెట్టెలో ఉండేది అరటాకు కాకపోతే అదృష్టం.

డల్లాస్_మురళి

శేఖర్ గారూ, చైనాకు వెళ్లేదాంట్లో కొంత ఇటు మళ్లిస్తే సరిపోదా? దగ్గరి మార్కెట్ మాది. హవానా నుంచి ఫ్లోరిడా ఎంత దూరం?

సరళ_న్యూజెర్సీ

మళ్లించడం వాళ్ల ఇష్టం. కానీ ఏ పేరుతో మళ్లిస్తారు? అసలు చిక్కు అక్కడ ఉంది. వృత్తిరీత్యా ట్రేడ్‌మార్క్ వ్యవహారాలు చూస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు నిషేధం సంగతి. 1962 ఫిబ్రవరిలో కెనెడీ సంతకంతో వచ్చింది. అది అధ్యక్షుడి ఉత్తర్వుగానే మిగిలి ఉంటే ఇంకో అధ్యక్షుడు రద్దు చేసేవాడు. 1996లో హెల్మ్స్–బర్టన్ చట్టం దాన్ని చట్టంలో బిగించింది. ఇప్పుడు పూర్తిగా తీయాలంటే అమెరికా చట్టసభ (కాంగ్రెస్) ఒప్పుకోవాలి, లేదా కాస్ట్రో సోదరులు లేని మధ్యంతర ప్రభుత్వం వంటి షరతులు నెరవేరాలి. అధ్యక్షులు అంచుల్లో మాత్రమే సవరించగలరు. ఒబామా కాలంలో 2015 జనవరిలో ప్రయాణికులు వంద డాలర్ల విలువైన పొగాకు, మద్యం తెచ్చుకోవచ్చన్నారు. 2016 అక్టోబరులో సొంత వాడకానికి ఆ పరిమితి కూడా తీసేశారు. 2020 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం మొత్తం మూసేసింది. ఈ మధ్యలో ఏ రోజూ దుకాణంలో అమ్మకానికి అనుమతి రాలేదు, గమనించండి.

ఇక పేర్లు. 1960 సెప్టెంబరులో కాస్ట్రో ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలను జాతీయం చేసింది. యజమానుల కుటుంబాలు దేశం విడిచి వెళ్లి, అమెరికాలో ఆ పేర్లను నిలుపుకున్నాయి లేదా అమ్ముకున్నాయి. అందుకే పార్తగాస్, పంచ్, హోయో ద మాంటెరే, మాంటెక్రిస్టో, రోమియో ఇ జూలియెటా, హెచ్ ఉప్మన్ అన్నీ మీ డల్లాస్ దుకాణంలో ఇప్పుడే ఉన్నాయి. చట్టబద్ధంగానే ఉన్నాయి, డొమినికన్ రిపబ్లిక్‌లోనో హోండురాస్‌లోనో తయారై. రేపు నిషేధం పోయినా హవానాలో తయారైన మాంటెక్రిస్టో ఆ పేరుతో అమెరికాలోకి రావడం కుదరదు, ఆ పేరుకు ఇక్కడ వేరే యజమాని ఉన్నాడు కాబట్టి.

కోహిబా కథ వేరు. అది విప్లవం తర్వాత పుట్టిన పేరు, ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు. అమెరికాలో దాన్ని జనరల్ సిగార్ కంపెనీ 1981లో నమోదు చేయించుకుంది. క్యూబా సంస్థ 1997 నుంచి పోరాడుతోంది. 2022 డిసెంబరులో ట్రేడ్‌మార్క్ అప్పీళ్ల మండలి జనరల్ సిగార్ నమోదులను రద్దు చేయాలని తీర్పు ఇచ్చింది, వ్యవహారం కోర్టుకు వెళ్లింది. అది చాలదన్నట్టు 2024 డిసెంబరులో ఇంకో చట్టం వచ్చింది. క్యూబా జప్తు చేసిన ఆస్తులకు చెందిన గుర్తులను అసలు యజమానుల అనుమతి లేకుండా అమెరికా కోర్టులూ అధికారులూ గుర్తించకూడదు.

రమ్ము వ్యాపారులు ఇది ముందే పసిగట్టారు. హవానా క్లబ్ అనే రమ్ము పేరు మీద బకార్డీ కంపెనీతో తగవు తేలకపోవడంతో ఫ్రెంచి మద్యం సంస్థ పెర్నో రికార్ “హవానిస్టా” అనే కొత్త పేరు అమెరికా కోసం నమోదు చేసి పెట్టుకుంది. సిగార్ల వాళ్లకూ అదే గతి పట్టవచ్చు. అరవై ఏళ్లుగా ఎదురుచూసిన అమెరికన్‌కు చివరికి దొరికేది పేరు మారిన పెట్టె.

పాతచుట్ట_రాజమహేంద్రవరం

కేసు 1997 నుంచి నడుస్తోందంటే మన తహసీల్దారు కచేరీలు గుర్తొచ్చి మనసు కుదుటపడింది. అమెరికాలో కూడా మనవాళ్లే ఉన్నారన్నమాట.

టొరంటో_శేషు

😄 బాబాయి గారూ, మీరు ఇంకా లంక చుట్టేనా?

పాతచుట్ట_రాజమహేంద్రవరం

మానేసి చాలాకాలమైంది నాయనా. పేరు మాత్రం మిగిలింది. గోదావరి లంకల్లో వరద వదిలిన ఒండ్రు మీద పండిన ఆకు, ఒకప్పుడు ఇంగ్లండు దొరలు కూడా కోరి తెప్పించుకున్నదే. ఎవరూ ఆంక్షలు పెట్టలేదు, ఎవరూ పెట్టెకు వేల డాలర్లూ ఇవ్వలేదు. శ్రీకాకుళం వైపు అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) కాల్చే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారో తెలుసుగా. మురళి వద్దన్నాడు కాబట్టి అంతటితో ఆపుతున్నాను.

కందుకూరు_రైతుబిడ్డ

ఇక్కడ అందరూ ధర, పేరు, చట్టం అంటున్నారు. ఆకు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మాది పొగాకు వేసే ఇల్లు. మేము పండించేది సిగరెట్ల ఆకు. బ్యారన్‌లో (ఆకు ఆరబెట్టే గది) వేడి పెట్టి వారం లోపలే దించేస్తాం. సిగార్ ఆకు అలా కాదు. పాకలో వేలాడదీసి గాలికి ఆరనివ్వాలి, దానికే ఇంచుమించు యాభై రోజులు. ఆ తర్వాత గుట్టలు వేసి మగ్గబెట్టాలి, వేడి ఎక్కువైతే గుట్ట విప్పి మళ్లీ పేర్చాలి. కోహిబాకు లోపల వేసే కొన్ని ఆకులను మూడోసారి కూడా మగ్గబెడతారు. ఆపైన బేళ్లలో నిల్వ. విత్తు నాటిన నాటి నుంచి సిగార్ చేతికి వచ్చేసరికి రెండు మూడేళ్లు గడుస్తాయి. అంటే నిషేధం ఈ రోజు ఎత్తివేస్తే, ఈ రోజు పెరిగిన గిరాకీకి నాటిన ఆకు మీ దాకా రావడానికి అన్నేళ్లు పడుతుంది. ఆలోపు అమ్మేది ఇప్పటికే గోదాముల్లో ఉన్నదే.

పొలాన్ని కూడా ఇష్టం వచ్చినట్టు పెంచలేరు. పేరున్న ఆకంతా పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో ప్రాంతానిది, అందులోనూ సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినెస్ చుట్టుపక్కల నేలలది. పైన చుట్టే ఆకుకు పొలం మొత్తానికి గుడ్డ పందిరి వేస్తారు, ఎండ నేరుగా తగిలితే ఆకు మందమవుతుంది. మచ్చ ఉండకూడదు, చిరుగు ఉండకూడదు, ఈనె లావుగా ఉండకూడదు. లోపలి ఆకు ఎంత ఉన్నా ఈ పై ఆకు లేకపోతే సిగార్ లేదు. అన్నిటికంటే ముందు కరువయ్యేది ఇదే.

2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను నేరుగా ఆ ప్రాంతం మీదే పడింది. ఆకు ఆరబెట్టే పాకలు వేల సంఖ్యలో నేలమట్టమయ్యాయి. కర్ర లేదు, మేకులు లేవు, ఎరువు లేదు, పంపు తిప్పడానికి డీజిల్ లేదు. 2024 అక్టోబరులో దేశం మొత్తం కరెంటు పోయింది. ఇన్ని కష్టాల్లో ఆదాయం పెరిగిందంటే ఎక్కువ పండించి కాదు, ఎక్కువ ధరకు అమ్మి అని నా నమ్మకం.

ఇంకొక మాట. అక్కడి రైతు పంటలో 90 శాతం ప్రభుత్వానికి, ప్రభుత్వం చెప్పిన ధరకే ఇవ్వాలి. మాకు వేలం కేంద్రంలో ఎన్ని బాధలున్నా బేలు ముందు కనీసం నలుగురు కొనుగోలుదారులు నిలబడతారు. వాళ్లకు ఒక్కడే. సిగార్ ధర రెట్టింపయినా రైతుకు చేరేది ఎంత అన్నది ఆ ఒక్కడి దయ.

లండన్_శేఖర్

రైతుబిడ్డ గారూ, ఈ దారంలో ఇంతవరకు వచ్చిన వాటిలో మేటి పోస్టు మీది. చేతుల సంగతి కూడా కలుపుతాను. సిగార్ చుట్టడం నేర్పడానికి ఫ్యాక్టరీలో తొమ్మిది నెలల శిక్షణ ఇస్తారు, కష్టమైన ఆకారాలు చుట్టే స్థాయి రావడానికి ఏళ్లు. మనిషి రోజుకు చుట్టేది సైజును బట్టి వంద అటూ ఇటూ. 2022, 2023 రెండేళ్లలోనే క్యూబా నుంచి పది లక్షల మందికి పైగా వలస వెళ్లారని అక్కడి అధికారులే చెప్పారు. వాళ్లలో చుట్టేవాళ్లు లేరంటారా? మియామీలో చుట్టి నెలకు సంపాదించేది హవానాలో ఏడాదికి కూడా రాదు.

డల్లాస్_మురళి

నిషేధం పోతే అమెరికా పెట్టుబడి కూడా వెళ్తుంది కదా. ట్రాక్టర్లు, ఎరువులు, పాకలు, జీతాలు. నాలుగైదేళ్లలో ఉత్పత్తి రెండింతలవదా?

లండన్_శేఖర్

రెండింతలు చేయాలని ఒకసారి చూశారు. 1990ల్లో అమెరికాలో సిగార్ల మోజు పుట్టినప్పుడు అక్కడి దిగుమతులు 1992లో పది కోట్ల చిల్లర నుంచి 1997 నాటికి నలభై కోట్లు దాటాయి. ఆ వేడి ప్రపంచమంతా పాకింది. క్యూబా కూడా ఉత్పత్తి పెంచమని ఆదేశాలిచ్చింది. చేయి తిరగని వాళ్లను బల్లల ముందు కూర్చోబెట్టారు. శతాబ్దం మలుపులో వచ్చిన పెట్టెలు ఇప్పటికీ సేకర్తలు అనుమానంగా చూస్తారు, ఆకు గట్టిగా బిగిసి పొగ రాక బుగ్గలు నొప్పి పుట్టేవి. ఆ తర్వాతే పొగ సరిగా లాగుతోందో లేదో పరీక్షించే యంత్రాలు ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. డబ్బు పాకలు కట్టగలదు. తొందరపెట్టిన ఆకును మాత్రం రుచిగా మార్చలేదు.

టాంపా_వాసు

శేఖర్ గారు చెప్పిన వరదలాంటి గిరాకీ వస్తుందన్న దానితో నేను ఏకీభవించను. నేను ఉండే ఊరు సిగార్లతోనే పెరిగింది. 1880ల్లో మార్తినెస్ ఇబోర్ ఇక్కడికి వచ్చి ఫ్యాక్టరీ పెడితే దాని చుట్టూ ఇబోర్ సిటీ వెలసింది. ఓడల్లో హవానా ఆకు వచ్చేది, ఇక్కడ చుట్టేవారు. 1962 తర్వాత ఉన్న నిల్వలతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు, ఆపైన కామెరూన్, హోండురాస్, నికరాగువా ఆకు వైపు మళ్లారు.

అరవై ఏళ్లంటే మూడు తరాలు. ఈ కాలంలో అమెరికన్ నాలుక మారిపోయింది. ఇప్పుడు ఇక్కడ దిగుమతయ్యే వాటిలో సగానికి పైగా నికరాగువావే. ఘాటు ఎక్కువ, లావు ఎక్కువ. పినార్ దెల్ రియో నుంచి వెళ్లిపోయిన పద్రోన్ కుటుంబం 1964లో మియామీలో మొదలుపెట్టి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. ఎన్నో సంవత్సరాలుగా ఆ సిగార్ కాలుస్తున్న మనిషి మొదటిసారి అసలు హవానా కాల్చి “ఇంతేనా?” అనడం నేను చూశాను, అదీ ఒకరు ఇద్దరు కాదు.

నా అంచనా ఇది. మొదటి ఏడాది ఎగబడతారు, ఫొటోలు పెడతారు. దుకాణాల్లో మనిషికి రెండే అని పరిమితి పెడతారు. రెండో ఏటికి చాలామంది తమ నికరాగువాకు తిరిగి వెళ్తారు. ఇక్కడి క్యూబన్ కుటుంబాల్లో ఆ ప్రభుత్వపు సరుకు అరలో పెట్టనే పెట్టమనేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో దుకాణదారులూ ఉన్నారు. నిషేధమే హవానాకు ఉన్న గొప్ప ప్రకటన. అది పోతే ఆ మెరుపులో కొంత పోతుంది.

లండన్_శేఖర్

“కొంత” అన్న మాట దగ్గరే మన తేడా వాసు గారూ. అమెరికా కొనే నలభై కోట్లలో పదో వంతు నిలకడగా ఇటు మళ్లినా నాలుగు కోట్ల సిగార్లు. ఆ సరుకు ఎక్కడిది? మా అరల్లోంచే.

సరళ_న్యూజెర్సీ

మురళి గారి మొదటి ప్రశ్నకు పన్నుల కోణం నుంచి ఒక ఊరట ఉంది. అమెరికా కేంద్ర పన్ను పెద్ద సిగార్ల మీద 52.75 శాతం. కానీ ఒక్కో సిగార్‌కు 40.26 సెంట్లు దాటకూడదన్న పరిమితి ఉంది. ముప్పై డాలర్ల సిగార్ మీద అది లెక్కలోకే రాదు. రాష్ట్రాల పన్ను ఊరిని బట్టి మారుతుంది. ఫ్లోరిడాలో సిగార్ల మీద అసలు లేదు, న్యూయార్క్‌లో టోకు ధర మీద 75 శాతం. కాబట్టి హబానోస్ ఒకే మూలధర పెట్టినా ఫ్లోరిడా వినియోగదారుడు లండన్, టొరంటోల కంటే తక్కువకే కొనుక్కోవచ్చు. అయితే నిషేధం తీసేసినా సుంకాల పట్టికలో క్యూబా ఇప్పుడు ఉత్తర కొరియా సరసన ఎక్కువ సుంకాల వరుసలో ఉంది. దాన్ని మామూలు వరుసలోకి మార్చడం ఇంకో పని.

పొగాకును కూడా చూసే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అడ్డంకి మాత్రం ప్రస్తుతానికి తగ్గింది. 2016 నిబంధనల ప్రకారం కొత్తగా మార్కెట్‌కు వచ్చే ప్రతి సిగార్‌కు ముందస్తు అనుమతి కావాల్సి ఉండేది. 2023 ఆగస్టులో కోర్టు చేతితో చుట్టే మేలురకం సిగార్లను దాని నుంచి తప్పించింది.

డల్లాస్_మురళి

అంటే చాటుమాటు ధర కంటే తగ్గవచ్చు, ప్రపంచ ధర మాత్రం పెరుగుతుంది. ఇంతవరకు అర్థమైంది. ఇంకో చిన్న సంగతి. ఒకతను కోహిబా పెట్టె ఇస్తానంటున్నాడు. పైన గాజు మూత, లోపల బంగారు రంగు తాళం, ధర కూడా అందుబాటులోనే ఉంది. ముందు ముందు కరువు వస్తుందంటున్నారు కదా, కొని దాచనా?

టొరంటో_శేషు

గాజు మూతా! పారిపోండి.

టాంపా_వాసు

కోహిబా గాజు మూత పెట్టెలో ఎప్పుడూ రాలేదు. ఇది సిగార్ల లోకంలో అందరికంటే పాత మోసం.

లండన్_శేఖర్

ఆకుపచ్చ హామీ ముద్ర చూడండి, 2010 నుంచి వాటి మీద బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని సరిచూసుకోవచ్చు. కానీ గాజు మూతకు ముద్ర పరీక్ష కూడా అనవసరం. నిషేధం ఎత్తివేతతో కచ్చితంగా నష్టపోయేది ఇతనే. దుకాణంలో అసలుది పక్కనే ఉంటే ఈ పెట్టె ఎవరు కొంటారు?

కందుకూరు_రైతుబిడ్డ

నష్టపోడు సార్. అసలుది కొరతగా ఉన్నంతకాలం నకిలీకి గిరాకీ ఉంటుంది. దుబాయిలో, లండన్‌లో నిషేధం లేదు, అక్కడ నకిలీలు లేవా?

లండన్_శేఖర్

ఉన్నాయి. కావలసినన్ని.

నిర్వాహకుడు

అమ్మకం, కొనుగోలు ప్రతిపాదనలు ఇక్కడ వద్దు. అలాంటి పోస్టులు రెండు తొలగించాను. “మా బావ వచ్చే నెల తెస్తాడు” అని రాసిన సభ్యుడు సొంత సందేశాల్లో కూడా ఆ పని చేయకూడదని మనవి. అమెరికాలోకి తేవడం ఇప్పటికీ నేరమే.

డల్లాస్_మురళి

సరళ గారూ, ఒక్క సందేహం. నేను పనిమీద లండన్ వస్తే అక్కడ కొని అక్కడే కాల్చవచ్చా?

సరళ_న్యూజెర్సీ

కాల్చవచ్చు. 2004లో దాన్ని కూడా నిషేధించారు, ఒబామా హయాంలో మళ్లీ అనుమతి వచ్చింది, 2020 మార్పులు దాన్ని ముట్టుకోలేదు. మూడో దేశంలో కొని, అక్కడే సొంతానికి వాడుకోవచ్చు. మిగిలినవి సంచిలో వేసుకుని రాకూడదు.

లండన్_శేఖర్

రండి మురళి గారూ. పార్తగాస్ అయితే బిల్లు నాది, కోహిబా అయితే మీదే.